ఒకే డిగ్రీ, అన్నే ఏళ్ల అనుభవం... మరి జీతంలో తేడా ఎందుకు?

చదువూ అనుభవమూ సమానమైతే జీతాలూ సమానం కావాలి కదా, కులానికి ఏం సంబంధం?

ఈ తేడాను కొలిచే పద్ధతిని 1973లో అమెరికాలో ఆర్థికవేత్తలు ఓహాకా, బ్లైండర్ విడివిడిగా రాశారు. రెండు వర్గాల సగటు జీతాల తేడాలో చదువు, అనుభవం వంటివాటి వల్ల వచ్చినదెంతో తేల్చి పక్కన పెడతారు. వాటికి అందకుండా మిగిలినదాన్ని వివక్షకు ఆనవాలుగా చూస్తారు. మన పట్టణాల మీద పరిశోధకులు మాధేశ్వరన్, అట్వెల్ 2007లో ఇలాగే లెక్కగట్టారు. అంతే అర్హత ఉన్న ఇతరుల కన్నా దళిత, ఆదివాసీ ఉద్యోగుల జీతం సుమారు 15 శాతం తక్కువని తేలింది. ఒకే పనికి తక్కువ ఇవ్వడం కన్నా, మంచి పనిలోకి రానివ్వకపోవడమే పెద్ద కారణమని కూడా వాళ్లు చెప్పారు.

రానివ్వకపోవడం ఎలా జరుగుతుందో విజయవాడ వన్ టౌన్‌లో చూడొచ్చు. వస్త్రలత బట్టల బజారులోనో, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కలనో గుమస్తా కావాలంటే పేపర్లో ప్రకటన ఎవరిస్తారు? "మనవాళ్ల పిల్లాడెవరన్నా ఉంటే చూడండి" అంటారు. గల్లాపెట్టె అప్పగించాలి గనుక నమ్మకం ముఖ్యమంటారు. ఆ నమ్మకం ఇంటిపేరును బట్టీ, చుట్టరికాన్ని బట్టీ పుడుతుంది. గల్లా దగ్గర పదేళ్లు కూర్చున్న కుర్రాడికి ధరలు, అరువు ఖాతాలు, పార్టీల గుణగణాలు తెలుస్తాయి. రేపు సొంత కొట్టు పెట్టుకోగలడు. అదే బజారులో ముఠా పనికి కుదిరి పదేళ్లు మూటలు మోసినవాడికి మిగిలేది నడుంనొప్పి. లెక్కలో మాత్రం ఇద్దరిదీ పదేళ్ల అనుభవమే! అందుకే అనుభవాన్ని కులానికి సంబంధం లేని కారణంగా లెక్కవేస్తే అన్యాయంలో సగం కనిపించకుండా పోతుంది.

చదువు సంగతీ అంతే. 1855లో ఇక్కడి కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాక నీరందిన పొలాలున్న ఇళ్ల పిల్లలు ముందు బడికెళ్లారు. ఆ పొలాల్లో కూలికెళ్లినవాళ్ల పిల్లలకు బడి తరాలు ఆలస్యంగా అందింది.

పోనీ, డిగ్రీ వచ్చాకైనా? 2005 నుంచి థోరట్ అనే పరిశోధకుడు, పైన చెప్పిన అట్వెల్ కలిసి ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు సమాన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు ఇంకా తక్కువ. బోస్టన్, షికాగోల్లో నల్లజాతి పేర్లతో చేసి 2004లో వెలువరించిన పరీక్షలోనూ ఇదే జరిగింది.

దీనికి భిన్నంగా సర్కారు కొలువులో స్కేలు కాగితం మీద ఉంటుంది, పోస్టుకు నోటిఫికేషన్ పడుతుంది, ప్రవేశానికి రిజర్వేషన్ ఉంది. కొట్లలో ఈ మూడూ లేవు. ఖాళీ ఉందని గుమ్మానికి బోర్డు కట్టడం, జీతం రాసి చెప్పడం ఏ యజమానికీ పెద్ద ఖర్చు కాదు. ఆ రెండింటితో రేపే మొదలుపెట్టొచ్చు.