జీపు ఎత్తు పెంచారు సరే, కింద సస్పెన్షన్ సంగతేమిటి?

శివరాత్రికి కులదైవం గుడికి బయలుదేరే బండ్లలో ఈ మధ్య ఒక మార్పు కనిపిస్తోంది. ఒకప్పుడు ఎడ్లబండి, ఆ తర్వాత ట్రాక్టరు, వ్యాను. ఇప్పుడు కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల మన కుర్రవాళ్ళ దగ్గర థార్‌లు, పాత మహీంద్రా జీపులు, అక్కడక్కడా జిప్సీలు ఉన్నాయి. వాటిలో కొన్నింటికి పెద్ద టైర్లు వేసి, బాడీని మూడు నాలుగు అంగుళాలు పైకి లేపి ఉంటారు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ అదే బండిలో అవ్వ, మేనత్త, చిన్నపిల్లలు, పొంగలి గిన్నెలు, కట్టెలు అన్నీ ఎక్కుతాయి. పొద్దున చేల మధ్య మట్టిదారిలో పోయిన బండి సాయంత్రం నాలుగు లేన్ల హైవే మీద ఎనభై వేగంతో తిరిగొస్తుంది. ఈ రెండు పనులకూ ఆ సస్పెన్షన్ సరిపోతుందా అని అడిగేవాళ్ళు తక్కువ.

మా మామ కొన్న పాత జీపు అలాంటిదే. ఆయన చేతికి వచ్చేసరికే ఎవరో ఎత్తు పెంచి ఉన్నారు. పొలంలో దర్జాగా నడిచేది. సాత్తూరు దాటి హైవే మీద డెబ్బై అందుకోగానే, ఏదైనా చిన్న అతుకు తగిలితే చాలు, స్టీరింగు రెండు చేతుల్లోనూ గడగడా వణికేది. బండిని దాదాపు ఆపేస్తే తప్ప ఆ వణుకు తగ్గేది కాదు. ఒక వర్క్‌షాపులో షాక్ అబ్జార్బర్లు మార్చమన్నారు. ఖరీదైన గ్యాస్ షాకులు వేయించారు. వణుకు మాత్రం అలాగే ఉంది. డబ్బు పోయిందన్న బాధ కంటే, వెనక సీట్లో మనవరాలు ఉండగా అలా జరిగిందన్న భయమే ఆయనకు ఎక్కువ.

ఇక్కడ పొరపాటు ఎక్కడ జరిగిందో తెలియాలంటే, ఎత్తు వేరు, సస్పెన్షన్ వేరు అన్న సంగతి ముందు తెలియాలి.

పాత జీపులకు, జిప్సీలకు ముందూ వెనకా కమాను పట్టీలు, వాటికి బిగించిన నిండు ఇరుసు ఉంటాయి. అలాంటి బండిని పైకి లేపినప్పుడు లేచేది బాడీ మాత్రమే. రెండు చక్రాల మధ్య గుండ్రంగా ఉబ్బి కనిపించే డిఫరెన్షియల్ ఇరుసులోనే ఉంటుంది కాబట్టి అది నేలకు ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉంటుంది. అది లేవాలంటే టైరు పెద్దది కావాలి. టైరు రెండు అంగుళాలు పెరిగితే డిఫరెన్షియల్ లేచేది ఒక్క అంగుళమే. కాబట్టి నాలుగు అంగుళాలు లేపిన జీపు కూడా బండి గాళ్ళ మధ్య గట్టిపడిన మట్టి దిబ్బకు పాత చోటే తగులుతుంది. బాడీని లేపడం వల్ల దక్కేది పెద్ద టైరుకు చోటు, మిట్టలు ఎక్కి దిగేటప్పుడు ముందు వెనక కొసలు తగలకుండా కాస్త వెసులుబాటు. అంతకు మించి ఏమీ లేదు.

పట్టీల బండిని లేపడానికి చౌకైన దారి షాకిల్‌ను పొడవు చేయడం. అంగుళం ఎత్తు కావాలంటే షాకిల్ రెండు అంగుళాలు పెరగాలి. ముందువైపు ఇలా చేస్తే ఇరుసు తిరిగి దాని వాలు మారిపోతుంది. సైకిల్ ముందు ఫోర్కు కొంచెం వెనక్కి వాలి ఉంటుంది కదా, చెయ్యి వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా ఒక కారణం. జీపు ముందు ఇరుసుకూ అలాంటి వాలు ఉంది. దాన్ని క్యాస్టర్ అంటారు. అది తప్పితే స్టీరింగు తనంతట తాను తిన్నగా రాదు. పైగా అరిగిన టై రాడ్ ఎండ్లు, సాగిపోయిన బుష్‌లు ఉంటే చక్రాలు రెండూ కొట్టుకోవడం మొదలుపెడతాయి. మామ జీపుకు పట్టిన జబ్బు ఇదే. షాకులు ఎన్ని మార్చినా అది పోదు.

రెండో దారి పట్టీల కట్టకు ఇంకో పట్టీ చేర్చడం. బండి లేస్తుంది, గట్టిపడుతుంది. సరుకు ఎత్తే బండికి అది మంచిదే. ఇద్దరే కూర్చుని పోయే జీపుకు మాత్రం చక్రం గుంతలోకి దిగాల్సిన చోట దిగకుండా గాల్లో వేలాడుతుంది.

మూడోది ఇరుసు కింద ఉన్న పట్టీని తీసి ఇరుసు పైన కూర్చోబెట్టడం. దాదాపు అయిదు అంగుళాలు లేస్తుంది, పట్టీ మెత్తదనం పోదు. కానీ స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వచ్చే డ్రాగ్ లింక్ ఏటవాలుగా మారి, గుంత తగిలినప్పుడల్లా బండి పక్కకు లాగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి యూజే క్రాస్‌లు త్వరగా పోతాయి. స్టీరింగ్ ఆర్మ్‌లు, షాఫ్టు, బ్రేకు హోసులు అన్నీ మార్చకుండా ఈ పని ఒక్కటే చేయించుకున్నవాడు సగం పని చేయించుకున్నట్టే.

2020లో వచ్చిన థార్ సంగతి వేరు. దానికి ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి. కాయిల్ స్ప్రింగు పైన ఒక దిమ్మె, అదే స్పేసర్, పెట్టి లేపడం అందరూ చేసే పని. స్ప్రింగు మారలేదు, షాకు మారలేదు, చక్రం మొత్తం కదలిక కూడా పెరగలేదు. పెరగకపోగా, మామూలుగా నిలబడి ఉన్నప్పుడే చక్రం కిందికి సగం దిగి ఉంటుంది కాబట్టి ఇంకా కిందికి దిగడానికి చోటు తగ్గిపోతుంది. గుంత వచ్చినప్పుడు షాకు పూర్తిగా సాగి ‘ధన్’మని శబ్దం వస్తుంది. ఇరుసు షాఫ్టుల జాయింట్లు ఎప్పుడూ వంగిన కోణంలోనే తిరుగుతూ రబ్బరు బూట్లు చిరిగి, గ్రీజు కక్కుతాయి.

మరి ఇప్పటికే లేపిన బండికి సస్పెన్షన్ ఎలా బాగుచేసుకోవాలి? ముందు బుష్‌లు, టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, చక్రాల బేరింగులు. ఇవి చౌక. నూటికి యాభై ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయని నా నమ్మకం. తర్వాత క్యాస్టర్ సరిచేసుకోవాలి. పట్టీకీ ఇరుసుకూ మధ్య పెట్టే ఏటవాలు షిమ్‌లతో అది సాధ్యమే. స్ప్రింగులు ఆ తర్వాత. స్ప్రింగును ఎత్తు చూసి కాదు, బరువు చూసి కొనాలి. ఖాళీ బండిలో చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు వరకు కొలత రాసుకోండి. ఇంట్లోవాళ్ళందరినీ ఎక్కించి మళ్ళీ కొలవండి. బంప్ స్టాపు మీద దాదాపు కూర్చుంటున్నట్టయితే ఇప్పుడున్న స్ప్రింగు మీ బరువుకు చాలదు.

షాకులు అన్నిటికంటే చివర. షాకు బరువు మోయదు. స్ప్రింగు ఊగకుండా పట్టుకోవడమే దాని పని. అందుకే స్ప్రింగు తేలకుండా షాకు కొనకూడదు. బండిని జాకీ మీద లేపి, ఇరుసు బంప్ స్టాపుకు ఆనినప్పుడు షాకు రెండు చెవుల మధ్య దూరం ఎంతో, పూర్తిగా వేలాడినప్పుడు ఎంతో కొలవాలి. కొత్త షాకు పూర్తిగా ముడుచుకున్నప్పుడు మొదటి కొలత కంటే పొట్టిగా, పూర్తిగా సాగినప్పుడు రెండో కొలత కంటే పొడుగ్గా ఉండాలి. లేకపోతే దెబ్బ బంప్ స్టాపుకు బదులు షాకు అడుగున పడి, చెవులు ఊడిపోతాయి. ఇరుసు వేలాడుతున్నప్పుడే బ్రేకు హోసు బిగుసుకుందేమో వేలు పెట్టి చూడండి.

బ్రేకు దగ్గరే ఇంకో సంగతి. కొన్ని పాత బండ్లలో వెనక ఇరుసుకు చిన్న కడ్డీతో కలిపిన వాల్వు ఉంటుంది. బండి వెనక కుంగితే బరువు ఉందని తెలుసుకుని వెనక బ్రేకుకు ఒత్తిడి పెంచుతుంది. బాడీని లేపితే ఆ వాల్వు బండి ఎప్పుడూ ఖాళీగా ఉందనే అనుకుంటుంది. పదిమంది ఎక్కినా వెనక బ్రేకు సగమే పడుతుంది. కడ్డీని ఆ మేరకు సరిచేయాలి. ఎత్తు పెంచే షాపుల్లో దీన్ని ఎవరూ చెప్పగా నేను వినలేదు. హెడ్‌లైట్లను కిందికి దించడం కూడా మర్చిపోతారు, ఎదుటివాడి కళ్ళు బైర్లు కమ్ముతాయి.

పల్టీ కొట్టే లెక్క ఒకటి చూద్దాం. పాత విల్లీస్ నమూనా జీపు చక్రాల మధ్య వెడల్పు సుమారు 123 సెంటీమీటర్లు. గరిమనాభి నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, కాగితం మీద అది 43 డిగ్రీల వాలు వరకు నిలబడుతుంది. పది సెంటీమీటర్లు లేపితే 39 డిగ్రీలే. నిజంగా మలుపు తిరిగేటప్పుడు స్ప్రింగులు ఒక పక్కకు కుంగుతాయి కాబట్టి ఇంకా తక్కువ. పైన క్యారియర్ మీద సామాను కడితే ఇంకా.

మన నేల గురించి కూడా చెప్పుకోవాలి. తమిళంలో కరిసల్ అనేది, మన ఇళ్ళలో రేగడి అనేది, ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తన రచనల్లో నిలబెట్టింది ఈ నేలనే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందుకే దాని మీద వేసిన ఊరి రోడ్లు అలలు తిరుగుతాయి. ఇక్కడ బండిని పరీక్షించేవి రాళ్ళు కాదు, ఆ అలలు. వాటి మీద బండి ఊయలలా ఊగకుండా ఆపేది మంచి షాకే, ఎత్తు కాదు. ఐప్పసి, కార్తీక వానల్లో తడి రేగడిలో దిగితే టైరు గాళ్ళన్నీ మట్టితో నిండి నున్నటి గుండులా అవుతాయి. అక్కడ ఎంత ఎత్తు బండైనా నిలబడిపోతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అరిగిన భాగాల స్థానంలో అదే కొలతకు మెరుగైనవి వేసుకోవడానికీ, నాలుగు అంగుళాలు లేపడానికీ తేడా ఉంది. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు చూసేది ఆ తేడానే. ఇక శ్రీవిల్లిపుత్తూరు వైపు కొండల్లో బండి ఎక్కించాలనే సరదా ఉన్నవాళ్ళకు: 2021 నుంచి అది పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా చక్రం పెట్టకూడదు.

మామ జీపును చివరికి కిందికి దించారు. పొడుగు షాకిళ్ళు తీసి పాత కొలతవి వేశారు, పట్టీలు విప్పి సాగినవి మార్చారు, బుష్‌లన్నీ కొత్తవి. ఆ ఖరీదైన షాకులు పొడవు ఎక్కువై పనికిరాలేదు, అమ్మేశారు. వణుకు పోయింది. పట్టీలు విప్పి బిగించినవాళ్ళు 500 కిలోమీటర్లు నడిచాక యూ బోల్టులు మళ్ళీ బిగించుకోవాలి. మామ ఆ తేదీని డ్యాష్‌బోర్డు మీద సున్నం పెన్సిల్‌తో రాసిపెట్టుకున్నారు.