రంగుగదికి గాలివడపోత



మా మఠంపల్లి ప్రాంతమున భూమి సున్నపురాతితో నిండియున్నది. ఆ రాయి యుండుటచేతనే సాగర్ మొదలగు సిమెంటు కర్మాగారము లిచ్చట వెలసినవి. సిమెంటు మోయు లారీలు ఎండకు, వానకు, దుమ్మునకు వన్నె తగ్గి కొంతకాలమునకు మరల రంగునకు వచ్చును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలందలి షెడ్లలో ఆ రంగును స్ప్రేగన్నుతో చిమ్మి వేయుదురు. అందులకై ప్రత్యేకముగా కట్టిన గదిని స్ప్రేబూతు అందురు. ఆ గదిలోనికి వచ్చు గాలిని, వెలికి పోవు గాలిని వడబోయు ఫిల్టర్ల నెట్లు ఎన్నుకొనవలెను, ఎట్లు అమర్చవలెను అనునదే నేటి ప్రసంగవిషయము. నేను బడిపంతులనుగాని రంగుపనివాడను గాను. అయినను నాయొద్ద చదువుకొన్నవారిలో కొందరు నేడు ఆ షెడ్లలో జీవించుచున్నారు. వారి యూపిరి నాకు విషయము గాక పోదు.

ఈ పనిముట్టు పుట్టుక విచిత్రమైనది. అమెరికాలోని టొలీడో నగరమున డెవిల్బిస్ అను వైద్యుడు రోగుల గొంతులో మందు చిమ్ముటకు 19వ శతాబ్దాంతమున ఒక తుంపరగొట్టము నిర్మించెను. ఆయన కుమారుడు 1907వ సంవత్సరమున దానిని రంగుపనికి మార్చెను. గొంతునకు మందు చేర్చుటకు పుట్టిన సాధనమే, అజాగ్రత్తగా వాడినచో, గొంతుదాటి ఊపిరితిత్తులకు రంగు చేర్చుచున్నది.

రంగుగదిలో ఫిల్టర్లు రెండు విధములు. లోనికి వచ్చు గాలికి పెట్టునది రంగును దుమ్మునుండి కాపాడును. వెలికి పోవు గాలికి పెట్టునది పంకాను, గొట్టమును, ఇరుగుపొరుగును రంగుతుంపరనుండి కాపాడును. ఒకదాని పని రెండవది చేయజాలదు. లోపల నిలిచియున్న మనుష్యుని పూర్తిగా కాపాడునది ఈ రెంటిలో ఏదియు కాదు. ఈ మూడు మాటలు మనస్సున నుంచుకొన్నచో తక్కిన దంతయు సులభము.

మొదట లోనికి వచ్చు గాలి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. 10 మైక్రానులు దాటిన ధూళికణము తడిరంగుపై పడినచో నునుపు చెడి పొక్కువలె కనబడును. కావున గాలిని రెండుమార్లు వడబోయవలెను. ముందుగా ముతక ఫిల్టరు పెద్ద దుమ్మును పట్టును. ఆపై గదికప్పున పరచిన సన్నని ఫిల్టరు మిగిలిన దానిని పట్టును. ఐరోపావారి పాత కొలమానములో ఈ కప్పుఫిల్టరునకు ఎం5 అను తరగతి వాడుక. 2016లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 16890 కొలమానమున ఈపీఎం10 అను గుర్తు క్రింద శాతముగా వ్రాయుదురు. కొనునపుడు ఆ గుర్తు చూడవలెను. గాలి తీసుకొను ద్వారమును లారీల బాటవైపు గాక, ఎత్తుగా, మరియొక దిక్కున నుంచుట మేలు.

ఇక వెలికి పోవు గాలి. మా సిమెంటు కర్మాగారములలో గుడ్డసంచుల ఫిల్టర్లు కలవు. సంచిపై పేరుకొనిన పొడిని గాలిదెబ్బతో దులిపి మరల సిమెంటులోనే కలుపుదురు. అది పొడి గనుక రాలును. రంగుతుంపర జిగట గనుక రాలదు. అందుచేత ఇచ్చట గాజునూలు ఫిల్టరును వాడి, నిండిన పిమ్మట తీసివేయవలసినదే. దానిని దులిపి మరల బిగించువారిని నేను చూచితిని. అది పొదుపు కాదు. నారలు చెదరి, తుంపర సందులగుండ పంకాకు చేరును.

ఎన్ని ఫిల్టర్లు కావలెను? చిన్న లెక్క. గది వెడల్పు 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు అనుకొందము. అడ్డుకొలత 120 చదరపుటడుగులు. గాలి ముందునుండి వెనుకకు పారు గదిలో నిమిషమునకు సుమారు 100 అడుగుల వేగము వాడుక. అనగా 12,000 ఘనపుటడుగుల గాలి. ఫిల్టరుపై గాలివేగము 150 అడుగులు దాటరాదని చేసినవారు వ్రాసియున్నచో, భాగింపగా 80 చదరపుటడుగుల ఫిల్టరు కావలెను. రెండేసి యడుగుల చదరపుపలకలు 20 పట్టును. పదింటితో సరిపెట్టినచో వేగము రెట్టించి, పట్టువడవలసిన తుంపర దూసికొని పోవును.

అమర్చుటలో రెండు నియమములు. గాజునూలు ఫిల్టరునకు వదులైన ముఖము రంగువైపు, దట్టమైన ముఖము పంకావైపు ఉండవలెను. కప్పుఫిల్టరునకును దట్టమైన ముఖము గాలి వెలువడు వైపుననే, అనగా గదివైపున, ఉండును. రెండవది: చట్రమునకు, ఫిల్టరునకు నడుమ సందు ఉండరాదు. గాలి నీటివలె సులభమైన త్రోవనే వెదకును. జల్లెడ యెంత సన్ననిదైనను అంచున చినిగినచో పిండిలో పొట్టు తప్పదు.

ఎప్పుడు మార్చవలెను? కంటిచూపు చాలదు. యూ ఆకారపు గాజుగొట్టములో రంగునీరు పోసి, ఒక కొనను ఫిల్టరునకు ముందు, రెండవ కొనను వెనుక కలుపుడు. క్రొత్తఫిల్టరున్నపుడు రెండు కొమ్మల నీటిమట్టముల భేదమును గుర్తించి యుంచుడు. ఫిల్టరు నిండినకొలది ఆ భేదము పెరుగును. చేసినవారు చెప్పిన హద్దు, సాధారణముగా అర అంగుళము, చేరగానే మార్చవలెను.

తీసిన ఫిల్టర్లను మూల కుప్పవేయరాదు. కొన్ని రంగులు ఆరుచు తమంతట తామే వేడెక్కి మంట పుట్టించును. ఇనుపడబ్బాలో నీట ముంచి, వెంటనే వెలికి తరలించవలెను.

చివరిది, ముఖ్యమైనది. ఫిల్టరు కణమునే పట్టును, ఆవిరిని పట్టదు. నేటి రెండుపాళ్ల పాలియూరితేను రంగులలో గట్టిపరచు ద్రవమున ఐసోసయనేటు లుండును. వాటివలన ఉబ్బసము కలుగును. ఒకసారి కలిగిన పిమ్మట స్వల్పమాత్రము సోకినను తిరుగబెట్టును. వాసన తెలియునప్పటికే మోతాదు మించియుండును. కావున ముక్కునకు గుడ్డ కట్టుకొనుట రక్షణ గాదు. వెలుపలి శుభ్రమైన గాలిని గొట్టముతో అందించు ముసుగు కావలెను. చిమ్ముట ఆపిన పిమ్మటను గదిగాలి శుభ్రపడువరకు ముసుగు తీయరాదు.

షెడ్డు యజమానులారా, లారీ నునుపునకై కప్పుఫిల్టరు కొనుచున్నారు; మంచిదే. ఆ లెక్కలోనే పనివానికి ముసుగును చేర్చుడు. రంగు మాసిన లారీకి మరల రంగు వేయవచ్చును. ఊపిరి చెడిన మనుష్యునికి మరల వేయుటకు రెండవ పూత లేదు.

సెలవు.