దారి అందం సరే.. మీ ఒంటికి సరిపోతుందా?

పిల్లల సైకిల్ పక్కన ఇప్పుడు చాలా ఇళ్లలో నాన్న సైకిల్, కొన్నిచోట్ల అమ్మ సైకిల్ కూడా చేరుతున్నాయి. ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరి సముద్రపు ఒడ్డుకో, కొండ మీదికో వెళ్లొస్తున్నారు. ఇది మంచి అలవాటు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు సైకిల్ తొక్కితే చాలు, అది పూర్తవుతుంది. బరువు చాలావరకు సీటు మీదే పడుతుంది కాబట్టి, నడిస్తే మోకాళ్లు నొప్పిపుట్టే వారిలోనూ చాలామంది హాయిగా తొక్కగలరు.

చిక్కల్లా దారి ఎంపికలోనే. ఇరవై ఏళ్ల కొడుకు ఎక్కిన ఘాట్‌ను పదేళ్లుగా మధుమేహం ఉన్న తండ్రి అదే వేగంతో ఎక్కబోతే గుండెపై ఒక్కసారిగా భారం పడుతుంది. అందుకే ఒక్కో మెట్టూ ఎక్కండి.

మొదటి మెట్టు: వాహనాలు రాని దారి

కొత్తవారు, పెద్ద వయసువారు, పిల్లలు ఇక్కడ మొదలుపెట్టాలి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరులో ప్రారంభమైన సోలార్ సైకిల్ ట్రాక్ ఇలాంటిదే. ప్రారంభించినప్పుడు మొత్తం 23 కి.మీ. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు 8.5 కి.మీ., నార్సింగి నుంచి కొల్లూరు వైపు 14.5 కి.మీ. పైన సోలార్ పలకల కప్పు నీడనిస్తుంది. చివరిదాకా వెళ్లి తీరాలన్న పట్టుదల వద్దు. వెళ్లినంత దూరమూ తిరిగి రావాలి కదా! మొదటి రెండు వారాలు రానూపోనూ కలిపి 20 నిమిషాలు చాలు.

రెండో మెట్టు: ఎత్తుపల్లాలు, ఎదురుగాలి

విశాఖ ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే తీర మార్గం చూడముచ్చటగా ఉంటుంది. ఒకవైపే దాదాపు 25 కి.మీ. మధ్యలో ఎత్తులున్నాయి, గాలి తోడవుతుంది. చదును దారిలో గంటసేపు ఆయాసపడకుండా తొక్కగలిగాకే ఇటు రండి. గాలి వెనక నుంచి తోస్తుంటే అలుపు తెలియక చాలా దూరం వెళ్లిపోతాం, తిరుగు ప్రయాణంలో అదే ఎదురొస్తుంది. కార్లు, బస్సులు తిరిగే రోడ్డు కాబట్టి హెల్మెట్, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

మూడో మెట్టు: ఘాట్ రోడ్డు

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు, శృంగవరపుకోట నుంచి అరకు వెళ్లే ఘాట్ ఈ కోవలోవి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. నెలల తరబడి సాధన చేసినవారే ప్రయత్నించాలి. దిగేటప్పుడు మలుపు రాకముందే వేగం తగ్గించండి. రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టి వదలండి.

శ్రమ ఎక్కువైందని తెలిసేదెలా?

తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే మధ్యస్థ శ్రమ. రెండు ముక్కలకే ఊపిరి ఆడకపోతే వేగం తగ్గించండి. బీపీకో, గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో గుండె వేగం పెద్దగా పెరగదు. చేతి వాచీలో అంకె తక్కువగా ఉందని మోసపోవద్దు.

వీరు ముందుగా డాక్టర్‌ను కలవాలి

* గుండె జబ్బు ఉన్నవారు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు అనిపించేవారు.
* పై బీపీ 160 దాటి ఉంటున్నవారు. అది అదుపులోకి వచ్చాకే ఎత్తులెక్కాలి.
* మధుమేహంతో కంటి రెటీనా దెబ్బతిన్నవారు, పాదాల్లో స్పర్శ తగ్గినవారు.
* ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు. బయల్దేరే ముందు షుగర్ చూసుకోండి. 90 కన్నా తక్కువుంటే ఏదైనా తిన్నాకే కదలండి. జేబులో గ్లూకోజ్ లేదా చక్కెర పొట్లం ఉండాలి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే ఆగి మూడు చెంచాల చక్కెర తీసుకోండి.

సీటు ఎత్తు చూసుకున్నారా?

పెడల్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు బాగా కిందికుంటే మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంది. కాలు పైకెత్తి వేయలేనివారు అడ్డ కడ్డీ లేని సైకిల్ తీసుకోవడం మేలు.

వెంటనే ఆగాల్సింది ఎప్పుడు?

ఛాతీలో నొప్పి లేదా బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమటలు, కళ్లు బైర్లు కమ్మడం.. వీటిలో ఏది కనిపించినా దిగి కూర్చోండి, 108కు ఫోన్ చేయండి. మధుమేహులకు కొన్నిసార్లు ఛాతీ నొప్పి లేకుండా కేవలం ఆయాసంతోనే గుండెపోటు రావచ్చు. ‘గ్యాస్ అయ్యుంటుందిలే, పైకి వెళ్లాక చూద్దాం’ అనుకోవద్దు.

కుటుంబమంతా కలిసి వెళ్తుంటే అందరిలోకీ నెమ్మదిగా తొక్కేవారిని ముందు పెట్టండి. వారి వేగమే అందరి వేగం కావాలి. కొండ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాదైనా ఎక్కొచ్చు.