సగం కట్టిన కారు కొంటే...

కిందటి కార్యక్రమంలో మాటల మధ్య నా ఎర్ర కారు సంగతి చెప్పాను. ఆ తర్వాత నలుగురైదుగురు ఫోన్ చేసి, "లోటస్ కొన్నారటగా, లాటరీ ఏమైనా తగిలిందా?" అని అడిగారు. అది లోటస్ కాదండీ, దాని నకలు. అదీ ఒకాయన సగం కట్టి వదిలేసింది. మీలో ఎవరికైనా ఆ సరదా ఉంటే ముందు నా కథ వినండి.

1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే బుల్లి కారు తెచ్చారు. అప్పట్లో బ్రిటన్‌లో తయారైన కారు కొంటే పర్చేజ్ టాక్స్ పడేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. అందుకని చాలామంది ఆ కారుని పెట్టెల్లో తెచ్చుకుని గరాజ్‌లో బిగించుకున్నారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది, సెవెన్ హక్కులు కేటర్‌హామ్ వాళ్ళకి వెళ్ళాయి. కారు కట్టుకునే సరదా మాత్రం పోలేదు. అదే రూపంలో చిన్న చిన్న కంపెనీలు కిట్లు అమ్మాయి. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఆయన, 250 పౌండ్లతో స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో పుస్తకమే రాశారు. ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవి ఇప్పటికీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి.

నాది 2018లో లింకన్‌షైర్‌లో ఒక పల్లెటూరి షెడ్డులో దొరికింది. 1,800 పౌండ్లు. అమ్మిన పెద్దాయనకి చేతులు వణకడం మొదలై, పదకొండేళ్ళుగా పానా పట్టుకోలేదట. ఎర్ర రంగు మెరుస్తోంది, ఇంజను చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఇంకేం కావాలి? ఇంటి కప్పు బాగుచేయించడానికి దాచిన డబ్బులోంచి తీసి ఇచ్చేశాను. మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. "పూర్తయ్యాక ఒక్కసారి నాకు ఫోన్ చెయ్యి" అన్నారు పెద్దాయన.

నేను అడగని ప్రశ్న ఒకటుంది: కాగితాలేవి? ఇలాంటి కార్లలో ఇంజను, గేర్‌బాక్సు, వెనక డిఫరెన్షియల్ వంటివి ఒక పాత కారులోంచి తీస్తారు. దాన్ని దాత కారు అంటారు. నాదానికి దాత ఫోర్డ్ సియెరా. చాసిస్ కిట్ కంపెనీదేననీ, ఇంజనూ గేర్‌బాక్సూ ఫలానా కారువేననీ రుజువు చూపిస్తే, డీవీఎల్ఏ వాళ్ళు దాత కారు వయసుకి తగిన నంబరు ఇస్తారు. రుజువు లేకపోతే 'క్యూ' అక్షరంతో మొదలయ్యే నంబరు. అంటే ఈ బండి వయసేమిటో, పుట్టుపూర్వోత్తరాలేమిటో తేలలేదని అర్థం. దాని మీద మనకిష్టమైన సొంత నంబరు పెట్టుకోవడం కుదరదు. అమ్మబోతే ధర తగ్గుతుంది. చాసిస్ రసీదు ఒక బిస్కెట్ల డబ్బాలో దొరికింది. సియెరా లాగ్‌బుక్ మాత్రం పెద్దాయన ఇల్లంతా వెతికినా దొరకలేదు. కాబట్టి డబ్బు ఇవ్వకముందే కాగితాలు చేతిలో పెట్టుకుని, వాటి మీద ఉన్న నంబర్లు చాసిస్ మీదా ఇంజను మీదా ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో చూసుకోండి. రంగు తర్వాత చూడొచ్చు.

బండి ఇంటికొచ్చాక మొదటి నెల ఒక్క సామాను కూడా కొనలేదు. అది మాత్రం మంచి పని చేశాను. ఉన్నవన్నీ టార్పాలిన్ మీద పరిచి, నట్లూ బోల్టులూ ఖాళీ ఆవకాయ సీసాల్లో వేసి, చీటీలు అంటించాను. మా నాన్నగారు బెజవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. చిన్న సుత్తితో చాసిస్ తట్టి చప్పుడు వినేవారు. ఖంగుమంటే సరే, బొద్దుగా వినిపిస్తే అనుమానం. నేనూ అలాగే తట్టుకుంటూ పోతే ఎడమవైపు ముందు సస్పెన్షన్ బ్రాకెట్ దగ్గర చప్పుడు మారింది. రంగు గీకితే లోపల తుప్పు, వెల్డింగ్ పక్కన వెంట్రుకంత చీలిక. ఆ పని నేను చెయ్యలేదు, తెలిసిన వెల్డర్‌కి ఇచ్చాను.

అంతకంటే భయపెట్టింది బ్రేకు పైపు. వెనక చక్రాలకి వెళ్ళే పైపు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి తగులుతూ ఉంది. షాఫ్ట్ తిరిగితే కొన్ని మైళ్ళలో పైపు అరిగి తెగిపోయేది. పక్క సీట్లో ఎక్కడానికి మా అమ్మాయి అప్పటికే రోజూ ఎదురుచూస్తోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పైపులు, రబ్బరు హోసులు, సీళ్ళు అన్నీ కొత్తవి వేశాను. బ్రేకు ద్రవం గాలిలో తేమని పీల్చుకుంటుంది, లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. పదకొండేళ్ళ పాత బ్రేకుల్ని "బాగానే ఉన్నాయి" అని నమ్మకూడదు.

కరెంటు సంగతి ఇంకో తమాషా. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు మినుకుమినుకుమంటోంది. సియెరాది ఇనప బాడీ కాబట్టి ఎర్తు దాని గుండానే వెళ్ళేది. నా కారు మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాసువి, అందులోంచి కరెంటు పారదు. ఒక్కొక్క లైటుకీ విడిగా ఎర్తు వైరు లాగాల్సిందే. అది తెలియడానికి రెండు శనివారాలు పట్టింది.

తర్వాత ఐవీఏ పరీక్ష. రోడ్డెక్కాలంటే ఇది తప్పదు. ట్రెయిలర్ మీద తీసుకెళ్ళాను, మొదటిసారి ఫెయిలయ్యాను. మనుషులకి తగిలే చోట అంచుల గుండ్రదనం కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉండాలి. నా బ్రాకెట్లు కొన్ని కత్తుల్లా ఉన్నాయట. పైగా మలుపు తిప్పి వదిలితే స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావాలి, నాది రాలేదు. తేలిక బండి కదా, ముందు చక్రాల మీద బరువే ఉండదు. చక్రాల కోణాలు సరిచేసి రెండోసారి వెళితే గట్టెక్కాను. వీ627/1 ఫారం నింపి పంపిస్తే, అనుకున్నట్టే క్యూ నంబరు వచ్చింది. మా అమ్మాయి ప్లేటు చూసి, "క్యూ అంటే క్వశ్చన్ మార్కా నాన్నా?" అంది.

మొత్తం ఖర్చు 6,400 పౌండ్లు దాటింది. ఆ డబ్బుకి నడుస్తున్న బండే దొరికేదని మా ఆవిడ అంటుంది. నిజమే, దొరికేది. ఇంటి కప్పు మరుసటి ఏడాది వేయించాం.

పెద్దాయనకి ఫోన్ చేశాను. లింకన్‌షైర్ వెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చుట్టూ ఒక రౌండు తిప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చప్పుడే వింటున్నారు. దిగాక, "క్యామ్ టకటకమంటోంది. ఈ ఇంజనుకి దాని మీద నూనె పోసే పైపు మూసుకుపోతుంటుంది, చూసుకో" అన్నారు. ఇంటికొచ్చి మూత విప్పితే, ఆ పైపుకి రెండు రంధ్రాలు మూసుకుపోయి ఉన్నాయి.