నలభై దాటాక పళ్లకు క్లిప్పులా? ముందు చిగుళ్లు చూపించుకోండి

కూతురికి క్లిప్పులు వేయించడానికి వెళ్లిన తల్లి, పని అయ్యాక "మరి నా ఎత్తుపళ్లు కూడా సరవుతాయా డాక్టరుగారూ?" అని నవ్వుతూ అడుగుతుంది. నవ్వుతూ అడిగినా అది వేళాకోళం కాదు. చిన్నప్పుడు డబ్బు లేకో, ఊళ్లో డాక్టరు లేకో ఆగిపోయిన కోరిక అది.

సరవుతాయి. పన్ను మీద సన్నటి ఒత్తిడి నెలల తరబడి ఉంటే, అది జరిగే వైపు ఎముక కరుగుతుంది, వెనక ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. పదిహేనేళ్లకైనా యాభై ఏళ్లకైనా జరిగేది ఇదే. పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు కదులుతుంది. అందుకే చికిత్స చాలామందికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది.

తేడా దవడ దగ్గర వస్తుంది. పిల్లల దవడ ఇంకా ఎదుగుతూ ఉంటుంది కాబట్టి దాన్ని వెడల్పు చేయవచ్చు. పెద్దవాళ్లలో అంగిలి మధ్య అతుకు గట్టిపడిపోతుంది. దవడే బాగా ముందుకో వెనక్కో ఉంటే క్లిప్పులతో కొంతవరకే సర్దగలరు, మిగతాది ఆపరేషన్ పని.

అయితే పెద్దవాళ్ల విషయంలో వయసు కన్నా ముందు చూడాల్సింది చిగుళ్లను. చిన్నప్పుడు లేని సందులు నలభై దాటాక ముందుపళ్ల మధ్య వస్తున్నాయంటే, చాలాసార్లు చిగుళ్ల జబ్బుతో లోపలి ఎముక తరిగిపోవడమే కారణం. ఆ జబ్బు తగ్గించకుండా క్లిప్పులు వేస్తే పళ్లు మరింత కదిలి ఊడిపోయే ప్రమాదం ఉంది. బ్రష్ చేస్తుంటే రక్తం రావడం, నోటి దుర్వాసన ఉంటే ముందు దానికి వైద్యం చేయించుకోవాలి. ఖైనీ, గుట్కా, సిగరెట్ మానాలి. షుగరు అదుపులో ఉండాలి. ఎముకలు గుల్లబారినందుకు మందులు వాడుతుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి; వాటిలో కొన్ని పళ్ల కదలికను అడ్డుకుంటాయి. ఎక్స్‌రే తీయకుండా క్లిప్పులు మొదలుపెడతామంటే మాత్రం లేచి వచ్చేయండి.

ఇక రకాలు. మెటల్ క్లిప్పులు చవక, గట్టివి, కష్టమైన కేసులకూ పనికొస్తాయి. సిరామిక్‌వి పంటి రంగులో కలిసిపోతాయి, కానీ వాటికి వేసే తెల్ల రబ్బర్లు మన పసుపు కూరలకు నాలుగు రోజుల్లో పచ్చబడతాయి. పళ్ల లోపలి వైపు అంటించేవీ ఉన్నాయి, బయటికి కనబడవు గానీ ఖర్చెక్కువ, నాలుక ఒరుసుకుంటుంది. పారదర్శకంగా ఉండే అలైనర్లను రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, భోజనానికి మాత్రమే తీయాలి. గంటకోసారి టీ తాగే అలవాటున్నవాళ్లకు అవి కష్టమే.

ఇంటికే కిట్ పంపి, డాక్టరు నోట్లో చూడకుండానే అలైనర్లు ఇచ్చే వ్యాపారం జోలికి పోకపోవడం మంచిది. అమెరికాలో ఇలాంటి పెద్ద కంపెనీ స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడి, చికిత్స మధ్యలో ఉన్నవాళ్లను అలాగే వదిలేసింది.

బీడీఎస్ తరవాత ఈ విభాగంలో మూడేళ్ల ఎండీఎస్ చేసినవారే ఆర్థోడాంటిస్టు. ఖర్చు భారమైతే ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో అడగండి. హోసూరు వాళ్లకు బెంగళూరు, బరంపురం వాళ్లకు కటక్‌లోని ఎస్‌సీబీ కాలేజీ, చెన్నై వాళ్లకు ఊళ్లోనే ఉన్న తమిళనాడు ప్రభుత్వ కాలేజీ. అక్కడ వరసలో కూర్చోవాలి, ఓపిక కావాలి. యానాం వాళ్లు నెలనెలా పుదుచ్చేరి వెళ్లడం కన్నా కాకినాడలో చూపించుకోవడం నయం.

ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో తమిళమో ఒడియానో, సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులో: మనందరికీ అలవాటైన అవస్థే ఇది. సంతకానికి ముందు మూడు సంగతులు మీకు బాగా వచ్చిన భాషలో అడిగి తెలుసుకోండి. ఎన్ని పళ్లు తీస్తారు? నెలనెలా చూసే డాక్టరు ఎవరు? చివర ఇచ్చే రిటైనర్ ఖర్చు ఇందులోనే కలిసుందా?

ఆ రిటైనర్ సంగతే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. క్లిప్పులు తీశాక పళ్లు పాత చోటికి పోవాలని చూస్తాయి కాబట్టి, మొదట్లో డాక్టరు చెప్పినన్ని గంటలూ, తరవాత ఏళ్ల తరబడి రాత్రిళ్లూ దాన్ని పెట్టుకోవాలి. పెళ్లి భోజనాలకు వెళ్లేటప్పుడు దాని డబ్బీ జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో వేసుకోండి. కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెడితే, విస్తరితో పాటే ఎత్తేస్తారు.