బుల్లి విమానానికి మసిపూత

సికిందరాబాద్: యాప్రాల్ ఇళ్ల మీదుగా విమానాలు వెళ్లడం కొత్త కాదు. పక్కనే హకీంపేట వైమానిక స్థావరం. అక్కడ ఏళ్ల తరబడి పైలట్ల శిక్షణకు వాడిన కిరణ్ విమానం పొడవు సుమారు పదిన్నర మీటర్లు. 72వ వంతుకు తగ్గిస్తే 15 సెంటీమీటర్ల లోపే! ఇలాంటి ప్లాస్టిక్ నమూనాలు అతికించి రంగులు వేయడం కొందరికి సరదా.

ముందు సబ్బునీళ్లతో జిడ్డు కడగాలి. రంగు పలచగా, పూతపూతకూ ఆరనిచ్చి వేయాలి. ఒకేసారి దట్టంగా పూస్తే సన్నని గీతలన్నీ పూడిపోతాయి. ఓపిక ఉంటే ఇంతవరకు ఎవరికైనా వస్తుంది.

అసలు తంటా పాతదనం తేవడంలోనే. కొత్తవారు ఒళ్లంతా మసి పూసేస్తారు. వారాల శ్రమ ఒక్క పూటలో పొయ్యిలోంచి తీసిన బొమ్మలా తయారవుతుంది. మీ ఊరి ట్రాక్టరును చూడండి. మసి సైలెన్సరు దగ్గరే, బురద మడ్‌గార్డు కిందే. కాలు రాసుకునే చోటే రంగు పోతుంది. విమానమూ అంతే. పొగ వెళ్లే గొట్టం చుట్టూ మసి, చక్రాల దగ్గర దుమ్ము. కారిన నూనె గాలికి తోకవైపే చారలు కడుతుంది.

పెన్సిల్ ముల్లు పొడిని మెత్తని కుంచెతో కాస్త అద్దితే చాలు. ఎక్కువైతే, పైన వార్నిష్ వేయకముందే తడిగుడ్డతో చాలావరకు తుడిచేయవచ్చు.