మణికట్టు చెప్పు అడుగుల లెక్క

తెలుగున 'అడుగు' అను మాటకు రెండర్థములు గలవు. పన్నెండంగుళముల కొలత యొకటి. నడచునపుడు కాలు ముందునకు వేయుట మరియొకటి. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చుటయే నేడు పలువురు మణికట్టున ధరించుచున్న ఫిట్‌నెస్ పట్టీ చేయు పని. అది మన పాదములను చూడదు, నేలను కొలువదు. అది ముఖ్యముగా నెరిగినది చేతి కదలికయే.

పట్టీలో యాక్సిలరోమీటరు అను సిలికాన్ సాధనము గలదు. అందు సన్నని స్ప్రింగులపై నిలిచిన రేణువంత బరువుండును. బస్సు హఠాత్తుగా ఆగినపుడు మనము ముందునకు తూలినట్లే, చేయి కదలినప్పుడెల్ల ఆ బరువు కొంచెము ఒరుగును. ప్రక్కనున్న పలకలకును దానికిని గల ఎడము మారగా, వాటి నడుమ నిలుచు విద్యుత్తును మారును. ఈ మార్పును పట్టీ సెకనుకు అనేక పర్యాయములు గుర్తించును. నడకకు ఒక తాళము గలదు. సాధారణముగా సెకనుకు దాదాపు రెండడుగులు. ఆ తాళము వరుసగా కొంతసేపు దొరకిననే పట్టీ దానిని నడకగా నమ్మును.

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరపచేలలో ఈ నమ్మకమునకు చిక్కు వచ్చును. కాయ కోయు స్త్రీ మొక్కకడ నిలిచి కోసి, రెండడుగులు వేసి, మరల నిలుచును. చేతులు క్షణమైన ఆగవు. కాళ్లు ఆగి ఆగి సాగును. చేతి విసురులు కొన్ని అడుగులుగా చేరవచ్చును. నిజముగా వేసిన రెండడుగులు తాళము కుదరక జారిపోవచ్చును. పిమ్మట నిండిన గంపను తలకెత్తుకొని, చేతులతో పట్టుకొని ఆమె గట్టునకు నడచును. దినములోకెల్ల బరువైన నడక అదియే. చేయి ఊగదు గనుక పట్టీ ఆ అడుగులలో కొన్నింటిని విడిచిపెట్టును! ఆ అంకె చూచి ఆమె తక్కువ నడచెననుట అన్యాయము. అడుగుల లెక్క సాధనమును నడుమునకు తగిలించిన మేలు. పాదము తాకిన అదురు నడుమునకు చేరును గదా.

దూరము విషయమున మరియొక ఊహ చేరును. ఉపగ్రహముల సాయము లేనపుడు అనేక పట్టీలు మన ఎత్తునుబట్టి అడుగు పొడవును నిర్ణయించును. ఎత్తులో నూటికి సుమారు 41 వంతులు. 150 సెంటీమీటర్ల ఎత్తరికి అది దాదాపు 62 సెంటీమీటర్లు. 10,000 అడుగులకు 6 కిలోమీటర్లు దాటును. వాన వెలిసిన నల్లరేగడిలో బంకమన్ను కాళ్లకంటి, అడుగు 50 సెంటీమీటర్లకు కుదించుకొనిపోయిన, నడచినది 5 కిలోమీటర్లే. శ్రమ మాత్రము హెచ్చు.

అన్నట్లు, ఈ 10,000 అను సంఖ్య వైద్యులు విధించినది కాదు. 1965లో జపానున అమ్మకమునకు వచ్చిన 'మంపోకే' అను సాధనము పేరునకే పదివేల అడుగుల మీటరని అర్థము. సరకు పేరు లోకనియమమైనది.

1865లో బయలుదేరి రహస్యముగా టిబెట్టును కొలిచిన నైన్ సింగు నూరు పూసల జపమాలతో నూరేసి అడుగులకు ఒక పూస జరపెడివాడు. సర్వేశాఖవారు ముందుగా ఆయన అడుగునే సమముగా పడునట్లు అభ్యసింపజేసిరి. మనము అంత శ్రమపడనక్కరలేదు. గట్టుపై టేపుతో 100 మీటర్లు కొలిచి, మామూలుగా నడచి, అడుగులు లెక్కింపవలెను. 160 వచ్చినచో అడుగు 62.5 సెంటీమీటర్లు, 200 అయినచో 50. పట్టీకి జతయగు ఫోనులో ఈ కొలతను మార్చు వీలున్నచో మార్చుకొనవచ్చును. గట్టున ఒకమారు, దుక్కిలో ఒకమారు నడచి చూడుడు. ఒకే మనిషికి రెండు లెక్కలు వచ్చును.